యమబుకి పసుపును పట్టు మీదికి తేవడం ఎలా?

జపాన్‌లో చెర్రీ పూలు రాలిపోయిన కొద్ది రోజులకే వాగుల ఒడ్డునా కొండ వాలుల్లోనా ఒక పొద బంగారు పసుపులో విరగబూస్తుంది. దాని పేరు యమబుకి. వృక్షశాస్త్రంలో కెర్రియా జపానికా అంటారు, గులాబీ కుటుంబం. ఏప్రిల్, మే నెలలు దాని కాలం. ఈ పువ్వు పేరుతో జపనీయులు వెయ్యేళ్లకు పైగా ఒక రంగును పిలుచుకుంటున్నారు: యమబుకి-ఇరో. ఇక్కడ చెప్పబోయేది ఆ రంగును ఇంట్లో ఒక పట్టు కండువా మీద ఎలా అద్దుకోవాలో.

మొదటే ఒక మాట. యమబుకి రంగు యమబుకి పువ్వులోంచి రాదు. పాతకాలపు జపాన్ అద్దకందార్లు దీనికోసం వాడింది కుచినాషి కాయ, దాని మీద కాస్త కుసుమ పువ్వు ఎరుపు. కుచినాషి అంటే వేరెవరో కాదు, మన పెరట్లో ఉండే గంధరాజమే. కుసుమ సంగతి సరేసరి, నూనె కోసం తెలంగాణ చేలల్లో పండించేదే. కాబట్టి పేరు జపాన్‌దైనా సరుకు మనకు బొత్తిగా కొత్తది కాదు. పని కూడా కష్టమైనది కాదు. కష్టమంతా ఒక్కచోటే ఉంది: ఎరుపును ఎక్కడ ఆపాలో తెలియడం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు రంగును కళ్లకు అలవాటు చేసుకోండి

గిన్నె పొయ్యి మీద పెట్టేముందు, మీకు కావలసిన రంగు ఏదో కచ్చితంగా తెలిసి ఉండాలి. పసుపుల్లో జపనీయులకు చాలా పేర్లున్నాయి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రంగులు చూపించే ఏదైనా యాప్ తెరిచి ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టండి. ఆర్‌జీబీ అంకెలు ఇస్తున్నాను, అంటే తెర మీద ఆ రంగులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా ఎంతెంత ఉన్నాయో చెప్పే అంకెలు.

ఆవపూల పసుపు, నానోహానా-ఇరో: 255, 236, 71
డాండెలియన్ పసుపు, తంపొపొ-ఇరో: 255, 217, 0
కుచినాషి-ఇరో: 251, 202, 77
యమబుకి-ఇరో: 248, 181, 0

ఈ అంకెలు తెర కోసం ఎవరో లెక్కగట్టి పెట్టినవే కానీ వేదవాక్కులు కావు. వేరే పట్టికల్లో కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. అయినా వరుస అర్థమవుతుంది. రెండో అంకె తగ్గేకొద్దీ పసుపు ఎరుపు వైపు జరుగుతోంది. యమబుకి ఆ దారిలో చాలా దూరం వచ్చి, నారింజ గుమ్మం ముందు ఆగిన రంగు. బాగా పండిన బంగినపల్లి కోస్తే లోపల కనిపించే గుజ్జును గుర్తు పెట్టుకోండి, చాలావరకు సరిపోతుంది.

ఆ పట్టికను ఇంకోసారి చూస్తే కుచినాషినే ఎందుకు ఎంచుకున్నారో కూడా తెలుస్తుంది. పాత జపాన్‌లో పసుపు అద్దడానికి చాలా దినుసులు ఉండేవి. కరియాసు అనే గడ్డి, కిహాదా అనే చెట్టు బెరడు, మన పసుపు కొమ్ము కూడా. కరియాసు, కిహాదా నిమ్మకాయ వైపో ఆకుపచ్చ వైపో మొగ్గే పసుపులు. కుచినాషి మాత్రం పుట్టుకతోనే ఎరుపు వైపు మొగ్గి ఉంటుంది. సగం దారి అదే నడిపిస్తుంది, మిగతా సగం కుసుమ పని.

కావలసినవి

వంద గ్రాముల పట్టుకు లెక్క చెబుతాను. మామూలు కండువా ఒకటి దాదాపు అంతే తూగుతుంది. మీ బట్టను ముందు వంటింటి త్రాసులో పొడిగా తూచుకుని దాన్ని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

ఎండిన గంధరాజం కాయలు 50 గ్రాములు. ఎండిన కుసుమ పూరేకులు 40 గ్రాములు. బట్టల సోడా ఒక టీస్పూను. తెల్ల వెనిగర్ ఒక పెద్ద కప్పు. నీళ్లలో పులుపు, క్షారం ఎంతున్నాయో చూపే పీహెచ్ కాగితాలు ఒక కట్ట (ఏడు కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం). ఐదారు లీటర్లు పట్టే స్టీలు గిన్నెలు రెండు, ఒక ప్లాస్టిక్ బకెట్, పలచని నూలు గుడ్డ సంచీ, చేతికి తొడుగులు. ఇనుప మూకుడు, రాగి గిన్నె వద్దు, లోహం రంగును మారుస్తుంది. ఈ గిన్నెల్ని మళ్లీ వంటకు వాడకండి.

కాయల విషయంలో ఒక చిక్కుంది. మన ఇళ్లలో పెంచే గంధరాజం ఎక్కువగా ముద్దపువ్వు రకం. ముద్దపువ్వుకి కాయ కాయదు, కేసరాలన్నీ రేకులుగా మారిపోతాయి. ఒంటి రేకల రకానికే కాయ వస్తుంది. పండితే నారింజ రంగులో, నిలువునా కణుపుల్లాంటి గీతలతో, కొసన రక్షక పత్రాలు కిరీటంలా నిలబడి ఉంటుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లకు పని సులువు, కొరియన్, జపనీస్ సరుకుల దుకాణాల్లో ఎండుకాయలు పొట్లాలుగా అమ్ముతారు. జపాన్‌లో కొత్త సంవత్సరం వంటల్లో చిలగడదుంప, చెస్ట్‌నట్ కలిపి చేసే కురి-కింతొన్‌కు పసుపుపచ్చగా మెరిసే రంగు వచ్చేది ఈ కాయతోనే. తకువాన్ అనే ముల్లంగి ఊరగాయకీ అంతే. ఇక్కడ దొరక్కపోతే ఏం చేయాలో తర్వాత చెబుతాను, నాకు బాగా ఇష్టమైన దారి అది.

పసుపు కొమ్ముతో కానిచ్చేద్దామా అని అడగబోతున్నారని తెలుసు. వద్దు. పసుపు రంగు ఎండకు నిలవదని మనకు తెలిసిందే. అంతకన్నా పెద్ద ఇబ్బంది, క్షారం తగిలిందంటే అది ఎర్రబారుతుంది. పారాణి రంగు వచ్చేది అలాగే. మనం తర్వాత బట్టను ముంచబోయే కుసుమ నీళ్లు సోడాతో తీసినవి. కొంచెం లెక్క తప్పినా మొత్తం ఇటుక రంగు తిరుగుతుంది.

మొదటి పని: బట్టను కడగడం

కొత్త పట్టుకు గంజి, మెరుగు పూత ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం కలిపి ఇరవై నిమిషాలు నాననిచ్చి, పిసక్కుండా కడగండి. బట్టల సబ్బు పట్టుకు మంచిది కాదు. జాడించాక ఆరబెట్టకండి, తడిగానే ఉండనివ్వండి. పొడిబట్టను రంగు నీళ్లలో వేస్తే మచ్చలు పడతాయి, ఆ మచ్చలు పోవు. నూలుబట్టైతే సోడా వేసి అరగంట ఉడికించి బాగా జాడించాలి.

పటిక పట్టించాల్సిన అవసరం లేదు. గంధరాజం కాయలో ఉండే క్రోసిన్ అనే రంగు పదార్థం నీళ్లలో కరిగి నేరుగా పోగును పట్టుకుంటుంది. కుంకుమపువ్వులో ఉండేదీ ఇదే.

రెండో పని: కుచినాషి కషాయం

కాయల్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా నూరితే వడకట్టేటప్పుడు నుసి పట్టుకుంటుంది. రెండు లీటర్ల నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున సన్నని మంట మీద ఇరవై ఐదు నిమిషాలు మరగనివ్వండి. గుడ్డలో వడకట్టి, పిప్పిలో ఇంకో లీటరు నీళ్లు పోసి మళ్లీ మరిగించి, రెండు కషాయాలూ కలపండి. చూడటానికి ముదురు ఎరుపు నారింజలా ఉంటుంది. బెదరకండి, బట్ట మీద పసుపే పడుతుంది. కషాయాన్ని ఆ రోజే వాడేయండి. రోజుల తరబడి దాస్తే కాయలోని ఇంకో పదార్థం వల్ల ఆకుపచ్చ తిరిగే ప్రమాదం ఉంది.

కషాయాన్ని మళ్లీ వేడి చేయండి. పొగలు రావాలి, మరగకూడదు. 70 డిగ్రీలు దాటనివ్వకండి. తడిబట్టను విప్పి ఒక్కసారిగా లోపలికి దించి, మొదటి ఐదు నిమిషాలు చేయి ఆపకుండా కదుపుతూ ఉండండి. ఆ తర్వాత అప్పుడప్పుడూ తిప్పితే చాలు. అరగంట ఉంచి, మంట ఆపి, కషాయం చల్లారేదాకా బట్టను అందులోనే వదిలేయండి.

ఆ అరగంటలో గిన్నె దగ్గర నిలబడక తప్పదు కనుక కుచినాషి కథ వినండి. కుచి అంటే నోరు, నాషి అంటే లేనిది. ఆ కాయ పండినా పగలదు, నోరు తెరవదు, అందుకే ఆ పేరని చెబుతారు. దాన్ని పట్టుకుని జపాన్ కవులు ఈ పసుపును “చెప్పని రంగు” అని పిలిచారు. 905 ప్రాంతంలో చక్రవర్తి ఆజ్ఞతో కూర్చిన కొకిన్‌షూ సంకలనంలో సొసేయ్ అనే బౌద్ధ భిక్షువు కవిత ఒకటి ఉంది. యమబుకి పువ్వు రంగు వస్త్రమా, నీ యజమాని ఎవరు అని కవి అడుగుతాడు. జవాబు రాదు. ఎలా వస్తుంది, దానికి నోరు లేదు కదా, అది కుచినాషి! నవ్వుకోవడానికి రాసిన కవితే గానీ మనకు అందులో ఒక సాక్ష్యం దొరుకుతుంది. యమబుకి రంగు బట్టను కుచినాషితో అద్దుతారన్నది అప్పటికి చదువరులందరికీ తెలిసిన సంగతన్నమాట. తెలియకపోతే చమత్కారం పేలదు.

జపాన్‌లో ఆడే ‘గో’ ఆట బల్ల కాళ్లను చూసినా ఈ కాయ ఆకారమే కనిపిస్తుంది. పక్కన నిలబడి చూసేవాళ్లు నోరు మూసుకోవాలని దాని అర్థం. చదరంగం ఆడేచోట మన అరుగుల మీదా ఆ బల్లలు రెండు వేస్తే బాగుండేది.

మూడో పని: ఆరబెట్టి చూడటం

చల్లారాక బట్టను తీసి, చల్లటి నీళ్లలో రెండుసార్లు జాడించి, నీడన ఆరేయండి. పూర్తిగా ఆరేదాకా ఏమీ నిర్ణయించకండి. తడిబట్ట ఎప్పుడూ రెండు మెట్లు ముదురుగా కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు కింద కాకుండా పొద్దున తొమ్మిది, పది గంటలప్పుడు వరండాలోకి తెచ్చి, తెల్ల కాగితం పక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కుచినాషి-ఇరో. వెచ్చని, కాస్త మెత్తని పసుపు. మీకు కావలసిన దానికన్నా ఒక పిసరు ముదురుగానే ఉండాలి, ఎందుకంటే తర్వాతి స్నానంలో కొంత పసుపు నీళ్లలోకి దిగిపోతుంది. లేతగా ఉంటే అదే కషాయాన్ని వేడి చేసి ఇంకోసారి ముంచండి. చాలామందికి ఇది చూడగానే ఇంతటితో ఆపేద్దామనిపిస్తుంది. ఆపినా తప్పు లేదు, మంచి రంగే. కానీ యమబుకి పక్కన పెడితే వెలవెలబోతుంది.

నాలుగో పని: కుసుమలోంచి ఎరుపు తీయడం

ఇది ఓపిక పని. కుసుమ పూరేకులో రెండు రంగులుంటాయి. ఎక్కువగా ఉండేది పసుపు, అది మామూలు నీళ్లలోనే కరుగుతుంది. కొద్దిగా ఉండేది ఎరుపు, కార్తమిన్. అది మామూలు నీళ్లలో కరగదు, క్షారపు నీళ్లలో కరుగుతుంది. మనకు కావలసింది ఆ కొద్దిదే.

పూరేకుల్ని గుడ్డ సంచీలో వేసి మూతి కట్టి, బకెట్‌లో చల్లటి నీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టండి. పొద్దున సంచీని బాగా పిసికి ఆ పసుపు నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లు పోసి మళ్లీ పిసకండి. నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా ఇదే పని. విసుగొస్తుంది. ఇక్కడ తొందరపడితే ఎరుపులో మురికి పసుపు కలిసి రంగు మందగిస్తుంది.

ఇప్పుడు లీటరున్నర చల్లటి నీళ్లలో టీస్పూను బట్టల సోడా కరిగించండి. పీహెచ్ కాగితం 10, 11 మధ్య చూపాలి. అందులో పూరేకుల సంచీ వేసి అరగంట సేపు పిసుకుతూ ఉండండి. నీళ్లు గోధుమ కలిసిన ముదురు ఎరుపులోకి మారతాయి. సంచీ గట్టిగా పిండి తీసేయండి. పాతరోజుల్లో సోడా స్థానంలో వరిగడ్డి కాల్చిన బూడిద నీళ్లు వాడేవారు. మన పల్లెల్లో బట్టలు ఉతకడానికి వాడిన బూడిద నీళ్ల లాంటివే.

నీళ్లు నిజంగా చల్లగా ఉండాలి. వేడి, అందులోనూ క్షారంతో కలిసిన వేడి, కార్తమిన్‌ను తినేస్తుంది. జపాన్‌లో కుసుమ ఎరుపు పనిని నడి చలికాలంలో చేస్తే రంగు బాగా వస్తుందని నమ్మకం, దాన్ని చలికాలపు ఎరుపు అని ప్రత్యేకంగా పిలుస్తారు. మన దగ్గర వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి స్నానానికి కాచినట్టుంటాయి. కుండనీళ్లతోనో ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లతోనో, తెల్లవారుజామునే పని మొదలుపెట్టండి. తీసిన ఎరుపును దాచకండి, వెంటనే ఐదో పనిలోకి వెళ్లాలి.

ఐదో పని: ఎరుపు ముంచడం, ఆపడం

ఎరుపు నీళ్లలో పట్టును అలాగే వేయకండి, క్షారం పట్టును పాడుచేస్తుంది. ముందు వెనిగర్‌ను కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. నురగ వస్తుంది, ఫరవాలేదు. గోధుమ ఛాయ పోయి ఎరుపు తేటపడుతుంది. పీహెచ్ ఏడుకి దగ్గరపడ్డాక లీటరున్నర చల్లటి నీళ్లు కలిపి, తడిపిన పసుపు బట్టను వేయండి. కదుపుతూ ఉండండి. పది నిమిషాలయ్యాక బట్టను పక్కకు తీసి ఇంకాస్త వెనిగర్ కలిపి, పీహెచ్ ఆరుకి తెచ్చి, మళ్లీ ముంచండి. పులుపు పెరిగేకొద్దీ కార్తమిన్ నీళ్లను వదిలి పోగులోకి దిగుతుంది. చింతపండు వాడొద్దు, దాని సొంత రంగు అంటుకుంటుంది. నిమ్మ ఉప్పు వాడొచ్చు.

ఇక ఇక్కడి నుంచి కళ్లే కొలత. ప్రతి ఐదు నిమిషాలకీ బట్ట ఒక మూల పైకి తీసి, గట్టిగా పిండి, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత పసుపుకి లోపలి నుంచి వెచ్చదనం వస్తుంది. ఆ వెచ్చదనం “నారింజ” అనే మాట మీ నోటికి తెచ్చేలోపు బట్టను బయటికి తీసేయాలి. తడిలో చూసి సరిగ్గా ఉందనిపిస్తే, ఆరాక కాస్త లేతగా ఉంటుంది. అలా లేతగా ఉంటేనే మంచిది, ఇంకోసారి ముంచొచ్చు. ఎక్కువైతే వెనక్కి తీసుకోవడం కష్టం.

ఆపడం ఎందుకు ఇంత పెద్ద సంగతి? 927లో పూర్తయిన ఎంగిషికి అనే రాజ్యవ్యవహారాల గ్రంథంలో ఆస్థాన అద్దకశాలకు ఏ రంగుకి ఏ దినుసు ఎంత కావాలో రాసిపెట్టారు. ముదురు కుచినాషి రంగుకు అందులో చెప్పిన సరుకులు: కుచినాషి, కుసుమ పువ్వు, పులుపు, గడ్డి, కట్టెలు. గడ్డి బూడిద కోసం, పులుపు ఎరుపును దించడం కోసం. మీరు ఇప్పుడు చేస్తున్న పని అదే. అదే గ్రంథంలో ఓని అనే ఇంకో రంగుకీ లెక్క ఉంది. సరుకులు దాదాపు ఇవే, కుచినాషి కొలతలో పెద్ద తేడా లేదు, కుసుమ పువ్వు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. ఉదయించే సూర్యుడి రంగంటారు దాన్ని. యువరాజు తప్ప ఇంకెవరూ కట్టకూడని రంగు. ఆ సంప్రదాయం ఇంకా నడుస్తోంది. 2020 నవంబరులో యువరాజ స్థానానికి అకిషినోను ప్రకటించిన ఉత్సవంలో ఆయన ధరించింది ఓని రంగు వస్త్రమే.

ఒక గిన్నెలో ఇంకో గుప్పెడు పూరేకులు ఎక్కువైతే రంగు పేరుతో పాటు అది కట్టుకోగల మనిషే మారిపోతాడు. ముదురు కుచినాషిని కట్టుకున్నవాళ్లు ఓనికి దగ్గరగా వస్తున్నారని దాని మీదా ఆంక్షలు పెట్టిన సందర్భాలున్నాయి. యమబుకి అందం ఆ గీతకు ఇవతల నిలబడటంలో ఉంది. మన గిన్నెలో ఎరుపు ఎక్కువైతే శిక్ష ఏమీ పడదు, కానీ అది యమబుకి కాదు.

రంగు సరిపోయిందనిపించాక చల్లటి నీళ్లలో చివరిగా ఒక చెంచాడు వెనిగర్ వేసి జాడించి, మెత్తగా పిండి, నీడన గాలి తగిలేచోట ఆరేయండి.

కాయలు దొరక్కపోతే పారిజాతాలు

పారిజాతం పువ్వుకి తెల్లని రేకుల కింద నారింజ రంగు కాడ ఉంటుంది కదా. ఆ కాడలోని రంగు క్రోసిన్ కుటుంబానిదే. గంధరాజం కాయ, కుంకుమపువ్వు, పారిజాతం కాడ రసాయనశాస్త్రం లెక్కలో దగ్గరి చుట్టాలు. మన దేశంలో పూర్వం పట్టుకు కుంకుమపువ్వు ఛాయ తేవడానికి ఈ కాడలే వాడేవారు, కొన్నిచోట్ల కుసుమతో కలిపి కూడా.

శ్రావణం నుంచి కార్తీకం దాకా తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటాయి. నేలరాలినా దేవుడికి పనికొచ్చే పువ్వు కనుక మీకన్నా ముందు ఇంకెవరైనా ఏరుకుపోయే అవకాశం ఎక్కువ. ఎండ ఎక్కకముందే ఏరండి. రేకులు గిల్లేసి కాడల్ని నీడన ఎండబెట్టి, తడి తగలని డబ్బాలో పోగుచేయండి. ఎండితే తేలికైపోతాయి కాబట్టి ఒక కండువాకు సరిపడా పోగవడానికి ఒక కాలమంతా పట్టొచ్చు. బట్ట బరువంత ఎండుకాడలైనా ఉండాలి, ఇంకా ఎక్కువ ఉంటే మేలు. దంచక్కర్లేదు, వేడినీళ్లలో గంట నానబెట్టి, సన్నని సెగ మీద పావుగంట ఉంచి వడకట్టండి. మిగతా పద్ధతంతా కుచినాషిదే.

కుసుమ పని మీకు మరీ బరువనిపిస్తే మంజిష్ఠ వేరు పొడి ఉంది. అప్పుడు మాత్రం పట్టును ముందుగా పటిక నీళ్లలో నానబెట్టుకోవాలి, వంద గ్రాములకు పది గ్రాముల పటిక. పసుపు అద్దాక చాలా పలచని మంజిష్ఠ కషాయంలో కొద్ది నిమిషాలు ముంచితే సరి. రంగు దగ్గరికి వస్తుంది గానీ కుసుమ ఎరుపులోని తేటదనం రాదు, కాస్త మట్టి ఛాయ ఉంటుంది. ఎంచుకోమంటే నేను కుసుమకే ఓటేస్తాను.

ఎప్పుడు కట్టుకోవాలి, ఎవరికి ఇవ్వాలి

జపాన్‌లో ఇది వసంతం చివరి రంగు. హెయాన్ కాలపు (794–1185) ఆస్థానంలో దుస్తుల్ని పొరలు పొరలుగా, కాలాన్ని బట్టి రంగులు జతచేసి వేసుకునేవారు. యమబుకి పేరుతోనే కొన్ని జతలున్నాయి. పసుపు, ఆకుపచ్చ కలిసిన జత వాటిలో ఒకటి. ఆ పొదను చూసినవాళ్లకు ఆ జత వెంటనే అర్థమవుతుంది, దాని కొమ్మలు ఆకు రాల్చిన చలికాలంలో కూడా ఆకుపచ్చగానే ఉంటాయి. మీ కండువాకు లేతాకుపచ్చ అంచు కుట్టించండి. మెరూన్ అంచు వేస్తే బాగుంటుంది గానీ అది మన పెళ్లిచీరైపోతుంది.

ఈ రంగుకు అర్థం ఒక్కటే అని చెప్పడం కుదరదు. జపాన్ తొలి కవితా సంకలనాల్లో ఒకటైన మన్‌యోషూలో యువరాజు తకెచి, 678లో చనిపోయిన రాకుమారి తోచిని తలుచుకుంటూ, యమబుకి పూసిన కొండ ఊటకు నీళ్లు తేవడానికి వెళ్దామనుకుంటే దారి తెలియడం లేదని రాశాడు. పసుపు పువ్వు, ఊట కలిస్తే పసుపు ఊటలు. చైనా నుంచి వచ్చిన నమ్మకంలో అది చనిపోయినవాళ్ల లోకం. ఆ తర్వాతి శతాబ్దాల్లో అదే పువ్వు క్యోటోకి దక్షిణాన ఉన్న ఇదె ఊరి వాగునీ, అక్కడి కప్పల అరుపునీ గుర్తుచేసే వసంతపు మాటగా స్థిరపడింది. కప్ప అనగానే యమబుకి అనేంతగా. కప్ప నీళ్లలో దూకిన చప్పుడు మీద హైకూ (మూడు పాదాల చిన్న కవిత) కవి బషో 1686లో రాసిన హైకూకి మొదటి పాదంగా “యమబుకి” పెట్టమని శిష్యుడు కికకు సూచించాడనీ, బషో మాత్రం “పాత చెరువు” అన్నాడనీ ఒక కథ ఉంది. అందరూ ఎదురుచూసే పువ్వును తీసేయడమే అక్కడ కొత్తదనం.

ఎదో (టోక్యో పాత పేరు) రాజధానిగా ఉన్న 1603–1868 కాలానికి వచ్చేసరికి యమబుకి అంటే బంగారు నాణెం. ఓబన్, కొబన్ నాణేల రంగు అదే కదా. టీవీలో వచ్చే పాతకాలపు నాటకాల్లో వ్యాపారి ఎవరైనా అధికారి ముందు “యమబుకి రంగు మిఠాయి” పెట్టె జరిపాడంటే, మిఠాయి కింద ఏముందో ప్రేక్షకులకు చెప్పక్కర్లేదు. అందుకని మీ జపనీస్ ఆఫీసరుకు ఈ కండువా ఇస్తూ రంగు పేరు గట్టిగా చెప్పకండి, నవ్వుతాడు.

స్నేహితులకు ఇవ్వాలంటే వాన కథ చెప్పి ఇవ్వండి. ఎదో కోట కట్టించిన ఓతా దోకాన్ వేటలో వానకు చిక్కి, ఒక గుడిసె దగ్గర ఆగి గడ్డి కోటు అరువడిగాడట. లోపలి నుంచి వచ్చిన అమ్మాయి ఏమీ మాట్లాడకుండా యమబుకి కొమ్మ ఒకటి చేతిలో పెట్టింది. ఆయన కోపంగా వెళ్లిపోయాడు. తర్వాత తెలిసినవాళ్లు వివరించారు: ముద్ద యమబుకి ఎన్ని రేకులు పూసినా ఒక్క కాయైనా కాయదని పాత కవిత ఉంది, అందులో “కాయ లేదు” అన్నది వినడానికి “గడ్డి కోటు లేదు” అన్నట్టే ఉంటుంది. పేదరికాన్ని నోటితో చెప్పుకోలేక పువ్వుతో చెప్పింది. ఇది తెలియనందుకు దోకాన్ సిగ్గుపడి కవిత్వం నేర్చుకున్నాడని కథ. సైతమా ప్రాంతంలోని ఒగోసెలో ఇది జరిగిన చోటు ఇదేనంటూ ఒక ఉద్యానం ఉంది. టోక్యోలోనూ ఆ గౌరవం కోరే చోట్లున్నాయి. అసలు కవిత 1086 నాటి గోషూయిషూ సంకలనంలోది, రాసింది యువరాజు కనెఅకిరా. వాన రోజున గడ్డి కోటు అడిగినవాడికి యమబుకి కొమ్మ ఇచ్చింది అక్కడ ఆయనే. అమ్మాయి తర్వాత వచ్చి చేరింది.

ఉతకడం, దాచడం

క్రోసిన్ ఎండకు నిలవదు, కార్తమిన్ అంతకన్నా నాజూకు. కండువాను ఎండలో ఆరేయకండి, కిటికీ పక్క కొక్కేనికి తగిలించకండి. సబ్బు క్షారం కనుక ఎరుపును కరిగించి తీసుకుపోతుంది. మురికి పడితే చల్లటి నీళ్లు, కొంచెం కుంకుడు రసం, చివరి జాడింపులో రెండు చుక్కల వెనిగర్. మొదటి రెండుసార్లు వేరే బట్టలతో కలపకండి. బీరువాలో ముదురు రంగు నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. సుగంధద్రవ్యాలు చల్లేటప్పుడు బట్ట మీద పడనివ్వకండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్నాళ్లకు వెలుస్తుంది. దానికి మరీ బెంగపడక్కర్లేదు. పదకొండో శతాబ్దపు జపాన్ నవల గెంజి గాథలో, తర్వాత కథానాయిక కాబోయే పదేళ్ల మురసాకి, పెంచుకున్న పిచ్చుకపిల్లను ఎవరో వదిలేశారని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి మొదటిసారి కనిపించినప్పుడు, తెల్లని లోదుస్తు మీద ఆ పిల్ల వేసుకున్నది కట్టికట్టి మెత్తబడిన యమబుకి వస్త్రం. కొత్తది కాదు.

మళ్లీ రంగు వేయాలనుకుంటే వరుస గుర్తుంచుకోండి. ముందు వేడి కుచినాషి, తర్వాతే చల్లని కుసుమ. పాత బట్ట మీద మిగిలిన ఎరుపు ఆ వేడికి పోతుంది, కాబట్టి కుసుమ మళ్లీ మొదటి నుంచీ తీసుకోవాల్సిందే. పసుపు ఒక్కటే తగ్గి ఎరుపు నిలిచి ఉంటే మాత్రం కషాయాన్ని వేడి చేయకుండా, చల్లగానే ఒక రాత్రంతా నానబెట్టి తీయండి.